సర్వీసు ఖర్చులు 14 లక్షల నుంచి 52 లక్షలకు పెరిగాయి, ఐటీ నోటీసు వస్తుందా?

(పాఠకుల పన్ను ప్రశ్నలకు ఒక చార్టర్డ్ అకౌంటెంట్ జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి టిప్పర్ బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాం. కొన్నేళ్ళ కిందట దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ చేశాం. ఇద్దరమే డైరెక్టర్లం, వాటాలు చెరి సగం. 2025-26లో టర్నోవర్ 3 కోట్ల 10 లక్షలు. 22 శాతం పన్ను పద్ధతి ఎంచుకున్నాం. అంతకుముందు ఏడాది సర్వీసు ఖర్చులన్నీ కలిపి 14 లక్షలు ఉంటే ఈసారి 52 లక్షలు తేలాయి. ఆ అంకె చూసి మా ఆడిటర్ గారే తల పట్టుకున్నారు.

వివరాలు ఇవీ. ఇదివరకు జీతాల మీద ఉన్న వెల్డర్లు, పెయింటర్లు ఇప్పుడు మేస్త్రీ కింద పనిచేస్తున్నారు. మేస్త్రీకి ప్రతి శనివారం 40 వేలకు అటూ ఇటూగా క్యాష్ ఇస్తాం, ఏడాదికి 21 లక్షలు. టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచే పన్ను కట్ చేసి ప్రభుత్వానికి కట్టడం) అంటే ఒప్పుకోడు. నా భార్య పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసింది, డ్రాయింగులు తనే వేస్తుంది. ఈ ఏడాది నుంచి నెలకు 75 వేలు ఫీజు ఇస్తున్నాం, 10 శాతం టీడీఎస్ పోను బ్యాంకులో వేస్తాం. మొత్తం 9 లక్షలు. తనకు కంపెనీలో వాటా లేదు. లారీ ఓనర్లను తీసుకొచ్చే బ్రోకర్లకు ఒక్కో బాడీకి 4 వేల నుంచి 8 వేల దాకా చేతికిస్తాం, అది 6 లక్షలు. ఆడిటర్, లాయర్, సాఫ్ట్‌వేర్ కలిపి 4 లక్షలు. మిగిలిన 12 లక్షలు మా బావమరిది సంస్థకు ‘మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ’. లాభం ఎక్కువ కనిపిస్తోందని మార్చి 31 తేదీతో ఆ బిల్లు పెట్టించాం. జీఎస్టీ కూడా వేశాడు. డబ్బు ఇంకా ఇవ్వలేదు. వ్యాపారం గురించి ఫోన్లో సలహాలు చెబుతూనే ఉంటాడు, అది అబద్ధం కాదు.

మా పక్క షెడ్డాయనకు పోయినేడు స్క్రూటినీ (రిటర్న్‌ను ఐటీ శాఖ లోతుగా పరిశీలించడం) వచ్చింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. మా రిటర్న్ ఇంకా వెయ్యలేదు. మాలాంటి చిన్న కంపెనీ మీద కూడా ఐటీ వాళ్ళ కన్ను పడుతుందా? అన్నిటికీ అగ్రిమెంట్లు రాయించి పెట్టుకోమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏదీ దాచకుండా రాశారు, సంతోషం. మీ ఉత్తరంలో నాకు ఊరట కలిగించిన మాట ‘రిటర్న్ ఇంకా వెయ్యలేదు’ అన్నది. దిద్దుకోవలసినవి దిద్దుకోవడానికి వ్యవధి ఉంది.

కన్ను పడుతుందా అంటే, పడవచ్చు. చిన్న కంపెనీ అని వదిలేసే పద్ధతి ఏమీ లేదు. వేసిన రిటర్న్‌లలో స్క్రూటినీకి వెళ్ళేవి చాలా కొద్ది, వాటిలో ఎక్కువ భాగాన్ని కంప్యూటరే ఎంచుతుంది. ఏ కొలతలతో ఎంచుతుందో శాఖ బయటపెట్టదు. కానీ దాని ముందు ఏయే కాగితాలు ఉంటాయో మనకు తెలుసు. మీ కంపెనీ రిటర్న్ ఫారం ఐటీఆర్-6లో కన్సల్టెన్సీ ఫీజులు, కమిషన్ వేర్వేరు గళ్ళలో ఉంటాయి. మూడు నెలలకోసారి మీరు వేసే టీడీఎస్ రిటర్న్‌లో ఎవరికి ఎంత ఇచ్చారో ఉంటుంది. జీఎస్టీలో మీ బావమరిది చూపించిన బిల్లు ఉంటుంది. వీటన్నిటి మీద మీ ఆడిటర్ ఇచ్చే ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు ఉంటుంది. ఇన్నిచోట్ల ఉన్న అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా, ఒక పద్దు ఒక్క ఏడాదిలో మూడింతలు దాటి పెరిగినా ప్రశ్న వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఖర్చు పెరగడం తప్పు కాదు. జీతగాళ్ళు మేస్త్రీ కిందికి మారారు కాబట్టి మీ జీతాల పద్దు ఈసారి బాగా తగ్గి ఉండాలి. రెండేళ్ళ జీతాలు, జాబ్ వర్క్ ఒక కాగితం మీద పక్కపక్కన వేసి, ఏ నెల నుంచి ఎందుకు మార్చారో నాలుగు వాక్యాలు రాసి ఆడిటర్ ఫైల్లో పెట్టించండి. 52 లక్షల్లో పెద్ద భాగానికి సంజాయిషీ ఆ ఒక్క కాగితంలోనే ఉంది.

ఇక పద్దుల్లోకి వెళ్దాం. ముందు మేస్త్రీ, ఎందుకంటే మీకు నిజమైన దెబ్బ అక్కడే ఉంది.

ఆ పని జరిగింది. ఆ మనుషులు ఉన్నారు. వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళిన టిప్పర్లు రోడ్ల మీద తిరుగుతున్నాయి. అయినా ఆదాయపు పన్ను చట్టం 40ఏ(3) సెక్షన్ ప్రకారం ఒక మనిషికి ఒక రోజులో 10 వేల రూపాయలకు మించి క్యాష్ ఇస్తే ఆ ఖర్చు మొత్తం ఒప్పుకోరు. 10 వేలు దాటినంత మేరకు మాత్రమే అనుకుంటారు చాలామంది. అలా కాదు, ఆ 40 వేలూ పోతాయి. శనివారం లెక్కన ఏడాదంతా ఇచ్చారు కాబట్టి 21 లక్షలూ పోతాయి. మీరు ఎంచుకున్న పద్ధతిలో సర్‌చార్జీ, సెస్సు కలిపి పన్ను 25.168 శాతం. అంటే 5 లక్షల 28 వేల పైచిలుకు అదనపు పన్ను.

ఇంకో సంగతి కూడా గమనించండి. దీనికి స్క్రూటినీ రావలసిన అవసరమే లేదు. టర్నోవర్ కోటి దాటిన వ్యాపారానికి, క్యాష్ రాబడులూ క్యాష్ చెల్లింపులూ వేటికవి 5 శాతం లోపు ఉంటేనే 10 కోట్ల దాకా ట్యాక్స్ ఆడిట్ నుంచి మినహాయింపు. మీ క్యాష్ చెల్లింపులు మేస్త్రీకి, బ్రోకర్లకు కలిపి 27 లక్షలు, ఆ 5 శాతం గీత దాటేశాయి. కాబట్టి ట్యాక్స్ ఆడిట్ తప్పదు. ఆ రిపోర్టులో 10 వేలు దాటిన క్యాష్ చెల్లింపులు ఆడిటర్ రాసి తీరాలి. ఆయన రాసినదాన్ని రిటర్న్‌లో మీరు కలపకపోతే బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటరే ముందు తెలియజేసి, 30 రోజులు గడువు ఇచ్చి, ఆ తర్వాత కలిపేస్తుంది. అందుకని మీ అంతట మీరే రిటర్న్‌లో కలిపి పన్ను కట్టడం మంచిది. బాధాకరమైన మాటే. కానీ ఇప్పుడు చెప్పకపోతే రేపు వడ్డీతో కలిపి చెప్పవలసి వస్తుంది.

‘మేస్త్రీ మా తరఫున పంచిపెట్టాడంతే, ఒక్కో కూలీకి వారానికి 10 వేల లోపే వెళ్ళింది కదా’ అని మీ ఆడిటర్ ఒక వాదన ఎత్తవచ్చు. అది పనికిరాని వాదన కాదు. అయితే దానికి ఎవరు ఏయే రోజులు పనిచేశారో, ఎంత తీసుకున్నారో సంతకాలతో సహా ఆనాడే రాసిన మస్టర్ రోలు ఉండాలి. అది ఉందన్నారంటే వాళ్ళు మీ కార్మికులే అవుతారు, ఈఎస్ఐ, పీఎఫ్ ప్రశ్నలు వెంటే వస్తాయి. ఆదాయపు పన్ను దగ్గర ‘మా కూలీలు’ అనీ, పీఎఫ్ దగ్గర ‘మేస్త్రీ కూలీలు’ అనీ చెప్పడం కుదరదు. మస్టర్ రోలు లేకపోతే ఇప్పుడు కూర్చుని ఏడాదికి సరిపడా రాయించే పని మాత్రం పెట్టుకోవద్దు.

ఈ శనివారం నుంచి మేస్త్రీ డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వెయ్యండి. యూపీఐ చట్టం ఒప్పుకున్న పద్ధతే. టీడీఎస్ విషయంలో మేస్త్రీని కూర్చోబెట్టి మాట్లాడండి. ఒంటరి కాంట్రాక్టరుకు కట్ చేసేది 1 శాతం, 40 వేలకు 400 రూపాయలు. ఏడాది చివర రిటర్న్ వేస్తే, పన్ను పడే ఆదాయం లేకపోతే, ఆ డబ్బు వెనక్కి వస్తుందని మీరే చెప్పండి, మీ ఆడిటర్ చేతనే ఆ రిటర్న్ వేయించండి. ఆటోనగర్‌లో చాలామంది మేస్త్రీలు బండి లోన్‌కు బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఐటీ రిటర్న్ కాగితం లేక వెనక్కి వచ్చినవాళ్ళే. ఆ కోణంలో చెబితే వింటారు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం కట్ చెయ్యాల్సి వస్తుంది.

తర్వాత మీ భార్య ఫీజు. ఇది చూడటానికి ప్రమాదంగా కనిపిస్తుంది, నిజానికి మీ పద్దుల్లో గట్టిగా నిలబడగలిగింది ఇదే. డైరెక్టర్ భార్యకు ఇచ్చిన డబ్బు ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులో విడిగా చూపించాలి, కాబట్టి శాఖకు తెలియకుండా ఉండదు. 2025-26కు కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి ఆవిడకు పన్ను పడదు, కంపెనీలో అదే డబ్బు మీద 25.168 శాతం పడుతుంది. చూసే అధికారికి ముందు ఈ తేడాయే కనిపిస్తుంది. ‘ఈ పనికి ఇంత ఫీజు సబబేనా’ అని 40ఏ(2) సెక్షన్ కింద అడుగుతాడు.

చాలామంది మరిచిపోయే ఇంకో సెక్షన్ ఉంది, 64(1)(ii). కంపెనీలో 20 శాతం, అంతకు మించి ఓటు హక్కు ఉన్న మనిషి జీవిత భాగస్వామికి అదే కంపెనీ జీతమో ఫీజో ఇస్తే, ఆ ఆదాయాన్ని ఆ మనిషి ఆదాయంలో కలిపేస్తారు. అంటే మీ భార్య 9 లక్షలు మీ వ్యక్తిగత రిటర్న్‌లోకి వస్తాయి. దీనికి మినహాయింపు ఒక్కటే: ఆవిడకు సాంకేతిక అర్హత ఉండాలి, ఆ ఆదాయం పూర్తిగా ఆ చదువు, అనుభవం వల్లే వచ్చి ఉండాలి. మీ ఇంట్లో ఆ డిప్లొమా ఉంది. ఆ సర్టిఫికెట్ కాపీ ఫైల్లో మొదటి కాగితం కావాలి.

దాని వెనక డ్రాయింగులు పెట్టండి. ట్రక్ బాడీలకు ఏఐఎస్-093 అనే ప్రమాణం ఉందని మీకు తెలుసు, దాని కొలతలకు తగ్గట్టు వేసిన డ్రాయింగ్ లేకుండా బాడీ కట్టరాదు కదా. ఏ ఛాసిస్‌కు ఏ డ్రాయింగ్, ఎప్పుడు వేశారు, షెడ్డులో కొలత తేడా వచ్చి మళ్ళీ ఎప్పుడు మార్చారు అన్నది నెలవారీగా పేర్చండి. కంప్యూటర్లో ఫైలు తయారైన తేదీ, ఆవిడ మీకు పంపిన మెయిలు, వెల్డర్ గ్రీజు చేత్తో పట్టుకున్న ప్రింటు, అన్నీ పనికొస్తాయి. ఆ మరకల కాగితాన్ని పారేసి కొత్త ప్రింటు తీసి పెట్టకండి, అదే ఉంచండి. బయట డ్రాఫ్టింగ్ ఆఫీసులు ఒక డ్రాయింగుకు ఎంత తీసుకుంటున్నాయో రెండు మూడు కొటేషన్లు తెప్పించండి. మీరు వేయించుకున్న డ్రాయింగుల సంఖ్యను ఆ రేటుతో గుణిస్తే 9 లక్షలకు దగ్గరగా వస్తే ధైర్యంగా ఉండండి. 4 లక్షలే వస్తే మిగతా 5 లక్షలు నిలబడవు, వచ్చే ఏడాదికి ఫీజు తగ్గించండి. జీఎస్టీ సంగతికొస్తే, ఆవిడకు వేరే రాబడి లేకపోతే సర్వీసులకు 20 లక్షల పరిమితి లోపే ఉన్నారు.

ఇప్పుడు బావమరిది బిల్లు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆదాయపు పన్ను చట్టం లెక్కలో బావమరిది మీకు బంధువు కాడు. ఆ చట్టంలో బంధువులంటే భర్త, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల వరసలో పైవాళ్ళు, పిల్లల వరసలో కిందివాళ్ళు. మీ భార్య డైరెక్టర్ కాదు, ఆవిడకు వాటా లేదు కాబట్టి ఆవిడ తమ్ముడు 40ఏ(2) కిందికి రాడు. ఇది విని ఊపిరి పీల్చుకోవద్దు. ఖర్చు ఎవరికి ఇచ్చినా అది పూర్తిగా వ్యాపారం కోసమే అయి ఉండాలని 37(1) చెబుతుంది. ఆ పరీక్షలో ఈ బిల్లు నిలవదు.

ఎందుకు నిలవదో మీ ఉత్తరంలోనే ఉంది. ‘లాభం ఎక్కువ కనిపిస్తోందని పెట్టించాం’ అన్నారు. ఏడాదంతా లేని బిల్లు చివరి రోజున వచ్చింది. గుండుగుత్తగా 12 లక్షలు. డబ్బు చెల్లించలేదు. పనికి సాక్ష్యం ఫోన్ మాటలు. పిల్లనిచ్చిన ఇంటివాళ్ళు మన వ్యాపారం గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నదే, ఎవరూ దానికి ఇన్వాయిస్ వెయ్యరు.

లెక్క చూడండి. ఈ బిల్లుతో మీకు మిగిలే పన్ను 3 లక్షల 2 వేలు. పట్టుబడితే ఆ పన్ను కట్టాలి, వడ్డీ కట్టాలి, తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే 270ఏ కింద పన్నుకు 200 శాతం, అంటే 6 లక్షల 4 వేలు పెనాల్టీ పడవచ్చు. సర్వీసు అందనిదే జీఎస్టీ క్రెడిట్ (బిల్లు మీద పడిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం, దీన్నే ఐటీసీ అంటారు) తీసుకోకూడదు కాబట్టి 2 లక్షల 16 వేల క్రెడిట్ కూడా పోతుంది, అటువైపు బిల్లు ఇచ్చినందుకు మీ బావమరిదికీ చిక్కులే. ఆయన్ను ఇందులోకి లాగకండి. పుస్తకాలు ఇంకా ముగించలేదు, ఆ ఎంట్రీ తీసేయించండి. ఆయన చేత ఆ బిల్లును రద్దు చేస్తూ క్రెడిట్ నోటు వేయించండి, నవంబరు 30 దాకా గడువు ఉంది. మీరు తీసుకున్న ఐటీసీ వెనక్కి కట్టండి. నిజంగా ఆయన ఏదైనా పని చేసి ఉంటే, ఉదాహరణకు స్టీల్ కొనుగోలు రేట్లు ఆయన మాట్లాడి తగ్గించి ఉంటే, ఆ కొటేషన్లు, మెయిళ్ళు ఉంటే, ఆ పనికి తగినంత ఫీజు ఇవ్వండి, ఇచ్చి చూపించండి. ఇది మాత్రం మీరు మొహమాటపడకుండా చెయ్యాలి. ఇంట్లో ఇబ్బందిగా ఉంటే ‘మేడమ్ ఒద్దన్నారు’ అని నా మీద పెట్టండి.

బ్రోకర్ల కమిషన్‌లో ఒక్కోసారి ఇచ్చింది 10 వేల లోపే కాబట్టి క్యాష్ దెబ్బ లేదు, ఒకే రోజు ఒకే బ్రోకరుకు రెండు మూడు బాడీలది కలిపి ఇచ్చి ఉంటే తప్ప. వోచర్ మీద ఛాసిస్ నంబరు, బండి ఓనరు పేరు, బ్రోకరు పాన్, సంతకం ఉన్నాయా చూసుకోండి. ఒక బ్రోకరుకు ఏడాదికి 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ ఉంది. కట్ చెయ్యకపోతే ఆ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు. ఇప్పుడైనా వడ్డీతో కలిపి రిటర్న్ గడువులోగా కట్టేస్తే ఆ 30 శాతం కోత తప్పుతుంది. మున్సిపాలిటీ బండ్ల పని ఇప్పించినందుకు ఏ ఉద్యోగికైనా ఈ పద్దులో డబ్బు వెళ్ళి ఉంటే అది ఖర్చే కాదు, చట్టం నిషేధించిన చెల్లింపు. ఆడిటర్, లాయర్, సాఫ్ట్‌వేర్ 4 లక్షల గురించి మీరు ఆలోచించక్కర్లేదు, బిల్లులు, టీడీఎస్ సరిగా ఉంటే చాలు.

చివరగా అగ్రిమెంట్లు. ఈ మాట నన్ను అడగని క్లయింటు లేడు. వద్దని చెప్పను, ఇకముందు జరిగే పనికి రాసుకోండి. అయిపోయిన ఏడాదికి వెనక తేదీ వేసి రాయించకండి. ఒక కంపెనీ వాళ్ళు స్క్రూటినీలో పెట్టిన అగ్రిమెంటు నేను చూశాను. ఏప్రిల్ 1 తేదీ, సాక్షుల సంతకాలు, అంతా చక్కగా ఉంది. కాగితం తిప్పితే వెనక స్టాంపు వెండరు ముద్ర ఉంది, ఆ స్టాంపు పేపరు అమ్మిన తేదీ నవంబరుది. అప్పటిదాకా అధికారి అడిగింది ఫీజు ఎక్కువా తక్కువా అనే. ఆ తర్వాత ఆయన కంపెనీ చెప్పిన ఏ మాటా నమ్మలేదు, నిజమైన బిల్లులను కూడా. అగ్రిమెంటు ఉన్నంత మాత్రాన ఖర్చు ఒప్పుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు లక్ష్మీనారాయణ్ మదన్‌లాల్ కేసులో 1972లోనే చెప్పింది.

దీనికి ఎదురుగా గుంటూరు వైపు ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ. అమోనియా కంప్రెసర్ల సర్వీసింగ్ ఖర్చు ఒక ఏడాది దాదాపు రెట్టింపైంది, స్క్రూటినీలో అదే అడిగారు. వాళ్ళ దగ్గర అగ్రిమెంటు లేనేలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ రాసే రిజిస్టర్ ఉంది. మెకానిక్ ఎప్పుడు వచ్చాడు, ఎప్పుడు వెళ్ళాడు, వాచ్‌మన్ వంకర రాతలో ఉంది. షాఫ్ట్ సీల్ మార్చామని మెకానిక్ రాసిన చీటీ మీద ఆపరేటర్ సంతకం ఉంది. ఆ చీటీ తేదీ, రిజిస్టర్ తేదీ, బిల్లు తేదీ, బ్యాంకులో డబ్బు వెళ్ళిన తేదీ ఒకదాని వెంట ఒకటి సరిపోయాయి. ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా ఒప్పుకున్నారు.

2020 ఆగస్టు 13న మొదలైన ఫేస్‌లెస్ విధానం వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. ఇదివరకు విజయవాడ ఆఫీసులో అధికారి ఎదురుగా కూర్చుంటే, ఆయనకు ఆటోనగర్ తెలుసు, మేస్త్రీ అంటే తెలుసు, శనివారం బట్వాడా అంటే తెలుసు. ఇప్పుడు మీ ఫైలు ఏ ఊళ్ళో ఎవరు చదువుతారో మీకు తెలియదు, ఆయన జన్మలో టిప్పర్ బాడీ కట్టడం చూసి ఉండకపోవచ్చు. వీడియోలో మాట్లాడే అవకాశం అడగవచ్చు గానీ, ముందు మాట్లాడేది కాగితమే. వ్యాపారం ఎలా నడపాలో అధికారి వ్యాపారి కుర్చీలో కూర్చుని నిర్ణయించకూడదని 2006లో ఎస్.ఎ. బిల్డర్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ రక్షణ మీకూ ఉంది, కాకపోతే పని నిజంగా జరిగిందని మీరు చూపించిన తర్వాతే అది అక్కరకొస్తుంది.

గడువుల మాట. 2025-26కు పాత 1961 చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి జరిగే లావాదేవీలకు 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి, 10 వేల క్యాష్ పరిమితి అలాగే ఉంది. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30 లోపు, రిటర్న్ అక్టోబరు 31 లోపు. అలా వేస్తే మామూలు స్క్రూటినీ నోటీసు 2027 జూన్ 30 లోపే రావాలి. అది దాటిందని కాగితాలు పారేయకండి. కంపెనీ పుస్తకాలు, వోచర్లు 8 ఏళ్ళు ఉంచాలని కంపెనీల చట్టం చెబుతోంది, కేసు తిరిగి తెరిచే అధికారమూ శాఖకు ఉంది.

ప్రశ్న: కరీంనగర్‌లో మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్, కంపెనీగానే రిజిస్టర్ చేశాం. పేషెంట్లను పంపే డాక్టర్లకు స్కాన్‌కు ఇంత అని ఇస్తాం. దాన్ని ‘సర్వీసు చార్జీలు’ అని రాస్తున్నాం, బ్యాంకు ద్వారానే, టీడీఎస్ కూడా కట్ చేస్తున్నాం. ఇబ్బంది ఉండదు కదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉంటుందమ్మా. బ్యాంకు ద్వారా ఇచ్చినా, టీడీఎస్ కట్ చేసినా ఆ డబ్బు దేనికి ఇచ్చారన్నది మారదు. పేషెంట్‌ను పంపినందుకు డాక్టరు కమిషన్ తీసుకోవడాన్ని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు నిషేధించాయి. చట్టం నిషేధించిన పనికి పెట్టిన ఖర్చును 37(1) ఒప్పుకోదు. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే కానుకల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 22న ఏపెక్స్ ల్యాబొరేటరీస్ కేసులో ఇదే తేల్చింది. తీసుకోవడం డాక్టరుకు తప్పయినప్పుడు, ఇచ్చినవాళ్ళు దాన్ని ఖర్చుగా చూపించుకోలేరని చెప్పింది. అదే ఏడాది చట్టంలో కూడా వివరణ చేర్చారు. ‘సర్వీసు చార్జీలు’ అన్న పేరు కింద ఈ డబ్బు ఉంటే, అడిగిన రోజున ఏ సర్వీసు అని చూపిస్తారు?

మీ సెంటర్‌కు వచ్చి స్కాన్లు చదివి రిపోర్టు మీద సంతకం పెట్టే రేడియాలజిస్టుకు ఇచ్చేది వేరే సంగతి, అది అసలైన ప్రొఫెషనల్ ఫీజు. ఆ రెండూ ఒకే లెడ్జర్లో కలిసి ఉన్నాయేమో చూడండి, ఉంటే వెంటనే విడదీయండి. లేకపోతే మంచి ఖర్చును కూడా చెడ్డ ఖర్చు లాక్కుపోతుంది. కమిషన్ మొత్తాన్ని రిటర్న్‌లో మీరే లాభానికి కలపండి. ఆ అలవాటు మానేస్తే పేషెంటుకు స్కాన్ రేటు తగ్గించవచ్చు. నేను కూడా మా అమ్మను స్కాన్లకు తిప్పినదాన్నే, ఆ తగ్గింపు విలువ నాకు తెలుసు.

ప్రశ్న: మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ‘స్క్రూటినీ నోటీసు’ అని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, 2 రోజుల్లో జవాబు ఇవ్వమంటూ ఒక లింకు ఉంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ లింకు నొక్కకండి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే నోటీసులకు, ఉత్తరాలకు ‘డిన్’ అనే నంబరు ఉంటుంది. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ వెబ్‌సైట్ మొదటి పేజీలోనే, లాగిన్ కాకుండానే, నోటీసు అసలుదో కాదో సరిచూసే సదుపాయం ఉంది. అక్కడ ఆ నంబరు కొట్టి చూడండి. తర్వాత మీ కంపెనీ లాగిన్‌లో ‘ఈ-ప్రొసీడింగ్స్’ తెరవండి. నిజమైన స్క్రూటినీ నోటీసు (143(2) సెక్షన్ కింద ఇచ్చేది) అయితే అక్కడ కనిపిస్తుంది, జవాబు కూడా అక్కడే అప్‌లోడ్ చెయ్యాలి. అక్కడ కనిపించకపోతే అది మోసమే అనుకోండి, సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చెయ్యండి.

కనిపిస్తే మాత్రం పక్కన పెట్టకండి. పలకకపోతే పిలిచినప్పుడల్లా 10 వేల దాకా పెనాల్టీ వేయవచ్చు, చివరికి దొరికిన వివరాలతో అధికారే పన్ను లెక్కకట్టేస్తాడు. కాగితాలు సమకూర్చడానికి వ్యవధి కావాలంటే అదే పేజీలో వాయిదా కోరే వీలుంది, గడువు ముగియకముందే కోరండి. కంపెనీ ఈ-మెయిల్, ఫోన్ నంబరు పోర్టల్‌లో ఎవరివి ఉన్నాయో కూడా చూసుకోండి. ఎప్పుడో మానేసి వెళ్ళిన అకౌంటెంటు నంబరు ఉంటే ఈ రోజే మార్చండి.